తాళం పట్కపోయినోడు

సోమవారం పొద్దున నేను స్టేషన్‌లోకి వెళ్ళేసరికి ఇన్‌స్పెక్టర్ లోవరాజు ఫ్యాను గాలికి కాగితాలు ఎగిరిపోకుండా వాటి మీద ఒక తాళంకప్ప పెట్టుకుని కూర్చున్నాడు. చిన్న ఇత్తడి కప్ప. పైన కొంకీ తెగి ఉంది గానీ మిగతాదంతా కొత్తగా నిగనిగలాడుతోంది. ఖూనీ కేసులో సాక్ష్యాన్ని పేపర్‌వెయిట్‌గా వాడుకునే మనిషిని చూడటం నాకు అదే మొదలు.

"రండి మేడమ్‌గారూ" అన్నాడు. "ఇవాళ ఏ పెళ్ళికొడుకు జీతం కనుక్కోవాలి?"

అందులో అబద్ధమేమీ లేదు. సీతాఫల్‌మండిలో మందుల షాపు పైన గదికి ‘కాంతమణి డిటెక్టివ్ సర్వీసెస్’ అని బోర్డు పెట్టుకుని నేను చేసే పని ముప్పాతిక వంతు అదే. హైటెక్ సిటీలో ఉద్యోగం అన్న కుర్రాడికి నిజంగా ఉద్యోగం ఉందా, అతను చూపించిన అనుభవం సర్టిఫికెట్టు కంపెనీలో పుట్టిందా, జిరాక్సు షాపులో పుట్టిందా అని ఆరా తీస్తాను. అందరి పెళ్ళిళ్ళకీ పూచీ పడి, రాత్రికి నా గదికి వెళ్ళి ఒక్కదాన్నే రెండు చపాతీలు కాల్చుకుంటాను. దాని గురించి నాకు విచారం లేదని అందరితోనూ అంటుంటాను. విచారం ఉంది.

"పర్వతాలుతో మాట్లాడాలి" అన్నాను.

"మాట్లాడి ఏం చేస్తారు? ఖూనీ అంటే జాతకాలు కలపడం కాదు మేడమ్."

"కలవని జాతకాలు పట్టుకోవడమే నా పని లోవరాజు గారూ. మీ కేసులో ఏదో కలవడం లేదు."

ఆయన లెక్కలో కేసు చాలా చిన్నది. మల్కాజ్‌గిరిలో తిరుమల్ అనే ఆసామి ఇంటి వెనక పోర్షన్‌లో కన్నబాబు అనే సాఫ్ట్‌వేర్ ఉద్యోగి అద్దెకుండేవాడు. ముప్పై నాలుగేళ్ళవాడు, పెళ్ళి కాలేదు. పెరట్లో ఉన్న షెడ్డులో రెండేళ్ళుగా ఒక పాత ఇంగ్లీషు మోటార్‌సైకిల్‌ని, బి.ఎస్.ఎ. బండిని, తోమి, రంగు వేసి, మళ్ళీ బిగించుకుంటున్నాడు. అతనికి తోడు పర్వతాలు, స్ప్రే పెయింటరు. నిన్న ఆదివారం పొద్దున కన్నబాబు ఆ షెడ్డులోనే చచ్చి పడి ఉన్నాడు. తల వెనక పెద్ద పానాతో కొట్టిన దెబ్బ. షెడ్డుకి బయట తాళం వేసి ఉంటే పోలీసులు వెళ్ళి కప్ప కోసి తలుపు తీశారు. తాళాలు రెండే. ఒకటి కన్నబాబు జేబులో ఉంది, రెండోది పర్వతాలు దగ్గర. లోపల చచ్చిపడ్డవాడు బయట తాళం వేసుకోలేడు కాబట్టి, వేసినవాడు పర్వతాలే అయి ఉండాలి.

దాని మీద ముద్ర వేసినట్టు ఒక సాక్ష్యం. శనివారం సాయంత్రం తాళం పట్టుకెళ్ళింది అతనేనని, వీధి మొదట్లో టీ బండి పెట్టుకున్న లచ్చమ్మ చెప్పింది. లచ్చమ్మ ఎవరో కాదు, పర్వతాలుకి సొంత అక్క.

"సొంత అక్కే చెప్పాక ఇంకేం కావాలండీ?" అన్నాడు లోవరాజు. "మూడింటికి కోర్టుకి పంపిస్తున్నాను. ఆ తర్వాత జైల్లో వేసుకోమనండి మీ రంగులు."

ఆ లచ్చమ్మే తెల్లవారకముందు వచ్చి నా గది మెట్ల మీద కూర్చుంది. ఏడవలేదు, బతిమాలలేదు. ఒకే మాట అడిగింది. "నేను నిజమే చెప్పిన చెల్లె. నిజం చెప్తే నా తమ్మున్నెందుకు పట్కపోయిండ్రు?" ఆ ప్రశ్నకి జవాబు వెతుక్కుంటూనే ఇంత దూరం వచ్చాను. తమ్ముణ్ణి తన నోటితో తనే లోపల వేయించానన్న సంగతి ఆమెకి ఇంకా పూర్తిగా ఎక్కలేదు. ఎక్కితే ఆ మనిషి బతకదు.

లోవరాజు చెడ్డవాడు కాదు. అతనిది తుని దగ్గర, కన్నబాబుది పాయకరావుపేట. మా నాన్నది అనకాపల్లి, రైల్వేలో గార్డుగా వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. అందుకే ఇన్‌స్పెక్టరు నన్ను కాస్త చనువుగా విసుక్కుంటాడు, నేనూ ఊరుకోను. "మా వైపు కుర్రాడండీ" అన్నాడు, గొంతు తగ్గించి. "మార్చురీలో ఒక్కడే పడి ఉన్నాడు. అన్నయ్యకి ఫోన్ చేస్తే సెలవు దొరకలేదన్నాడు. చంపినోణ్ణయినా వదలకూడదు కదా." ఆ ఒక్క మాటకి అతని మీద నా కోపం సగం పోయింది.

పర్వతాలు బల్ల మీద మోకాళ్ళ మధ్య చేతులు పెట్టుకుని కూర్చున్నాడు. యాభై దాటినవాడు. గోళ్ళ చుట్టూ మెరూన్ రంగు ఇంకా పోలేదు. నన్ను చూసి మొట్టమొదట తన గురించి కాదు, బండి గురించి అడిగాడు. ట్యాంకు మీద ఎవరైనా గుడ్డ కప్పారా, లేకపోతే దుమ్ము పట్టి రంగు పాడయిపోతుందని.

అడిగినవన్నీ చెప్పాడు. శనివారం మధ్యాహ్నం నుంచి ఇద్దరూ ట్యాంకుకి ఆఖరి కోటు కొట్టారు. దుమ్ము రాకుండా తలుపు లోపల వేసుకున్నారు. ట్యాంకుని దూలానికి తీగతో వేలాడదీసి ఆరబెట్టారు. వెలుతురు ఉండగానే పర్వతాలు ఇంటికి వెళ్ళిపోయాడు. కన్నబాబు మాత్రం ఇంకా ఏవో బిగించాలని ఉండిపోయాడు. గొడవలేమీ లేవు. ఆదివారాలు ఇద్దరూ ఒకే గిన్నెలో తినేవాళ్ళు. కన్నబాబుకి పర్వతాలు తప్ప మాట్లాడే దిక్కు లేదు, భార్య పోయాక పర్వతాలుకి కూడా అంతే.

"ఆదివారం పొద్దుగాల ఒకర్ని తోల్కొస్త, బండి చూపియ్యాలె అన్నడు మేడమ్. అందుకే జెర తొందరపెట్టిండు. ఎవరో చెప్పలే. కూసోనికి కొత్త కుర్చీ సుత తెచ్చిండు."

"బండి మీద ఇంకేమైనా విశేషం ఉందా?"

అప్పుడతని ముఖంలో కొంచెం వెలుగు వచ్చింది. పాత నల్లరంగుని వాటర్ పేపర్‌తో రుద్దుతుంటే కింద మెరూన్ రంగు, దాని మీద కుడివైపున బంగారు అక్షరాలు బయటపడ్డాయట. ఎవరో చేత్తో రాసిన ఇంగ్లీషు పేరు. పర్వతాలుకి ఇంగ్లీషు రాదు. చెరిపేసి కొత్తగా కొడదామన్నాడు.

"వద్దన్నడు సారు. ఈ పేరు కోసం ఎవరో ఎదురు చూస్తుంటరు పర్వతాలన్నా అన్నడు. టేపు అంటించి చుట్టూతా కొట్టినం. పోయేటప్పుడు టేపు తీస్తే బంగారం లెక్క మెరిసింది. మీరు చూడుండ్రి, మస్తుంటది."

వెనకనుంచి లోవరాజు వచ్చి నిలబడ్డాడు. "అసలు సంగతి అడగండి మేడమ్. ఏమయ్యా, తాళం నీ దగ్గర ఉందా లేదా?"

"ఉన్నది సార్. నా దగ్గర్నే ఉన్నది."

"నీకెవరిచ్చారు?"

"కన్నబాబు సారే ఇచ్చిండు, శనివారం మాపటికి."

"విన్నారా?" అన్నాడు నాతో. పర్వతాలు వైపు చూశాను. తడుముకోలేదు, దాచలేదు, అడిగిన వెంటనే చెప్పేశాడు. అబద్ధం ఆడేవాళ్ళని ఇరవై ఏళ్ళుగా చూస్తున్నాను. ఇతను ఆడటంలేదు. కానీ ఇతను చెప్పిన నిజం ఇతన్నే ఉరి దగ్గరకి తీసుకెళుతోంది. ఇది ఎక్కడో తిరకాసుగా ఉందనిపించింది గానీ ఎక్కడో తెలియలేదు.

మల్కాజ్‌గిరికి వెళ్ళే ఆటోలో, స్టేషన్ బయట నా కోసం కాచుకున్న లచ్చమ్మ నా పక్కన ముడుచుకుని కూర్చుంది. నోరు కట్టేసుకుంటే తమ్ముడు గుర్తుకొస్తాడని కాబోలు, ఆ ఇంటి సంగతులన్నీ చెబుతూ వచ్చింది. ఆ ఇల్లు మొదట తిరుమల్ వాళ్ళది కాదట. ఒక రైల్వే దొరది. దొర అంటే తెల్లదొర కాదు, ఇక్కడ పుట్టినవాడే, ఆంగ్లో ఇండియన్. లచ్చమ్మ చిన్నవయసులో ఆ ఇంట్లో గిన్నెలు తోమేది. బంగ్లాదేశ్ లడాయి అయిన ఏడు, భార్య పుట్టింటికి వెళ్ళి ఉండగా, దొర ఇల్లు అమ్మేసి, తనకెంతో ఇష్టమైన మోటార్‌సైకిల్‌ని కూడా ఓడలో ఎక్కించుకుని లండన్ వెళ్ళిపోయాడట. కొన్నది అతని స్నేహితుడు, తిరుమల్ తండ్రి. భార్య తిరిగొచ్చి గేటు దగ్గరే కూలబడిందట. "మొగోళ్ళు గంతే చెల్లె" అంది లచ్చమ్మ. "పెండ్లాన్ని ఇడిచిపెట్టిండు గానీ బండిని ఇడిచిపెట్టలే."

మా వెనకే జీపు వచ్చి ఆగింది. నేనేం వెలగబెడతానో చూడాలని లోవరాజు కూడా వచ్చేశాడు. తెగిన కప్ప, కన్నబాబు జేబులో దొరికిన తాళం, పర్వతాలు దగ్గర దొరికిన తాళం, మూడూ కవర్లో వేసుకుని మరీ తెచ్చాడు.

తిరుమల్ గేటు దగ్గర ఎదురొచ్చాడు. నలభై అయిదేళ్ళవాడు, ఇస్త్రీ చెదరని తెల్లచొక్కా, రెండు సెల్‌ఫోన్లు. భూముల బేరాలు చేస్తాడు. హైటెక్ సిటీ పుణ్యమా అని ఆ రోజుల్లో జానెడు జాగా ఉన్నవాడు కూడా బిల్డరు కోసం ఎదురుచూసేవాడు. ఇతనైతే మాట కూడా పూర్తి చేసుకున్నాడట. దసరా తర్వాత పోర్షన్లన్నీ పడగొట్టి అపార్ట్‌మెంట్లు లేపుతారు.

"ఈ షెడ్డు జాగ మాత్రం ఇయ్య మేడమ్" అన్నాడు. "మా నాయిన గుర్తు. ఉన్నదున్నట్టు ఉంచుకుంట."

తగరపు కప్పు, పెచ్చులూడిన గోడలు. ఇంత ఇల్లు పడగొట్టేవాడికి ఈ కొట్టం మీద మమకారమేమిటో నాకు అర్థం కాలేదు. బండి ఎక్కడిదని అడిగాను. షెడ్డు అటక మీద తండ్రి కాలంనాటి గోనెసంచులు ఉండేవని, వాటిలో ఇనప సామాను ఉందని కన్నబాబు అడిగితే తీసుకోమన్నానని చెప్పాడు. "తుక్కు అనుకున్న. గది బండి అయితదని నాకేం ఎరుక?" తను షెడ్డులోకి ఎప్పుడూ వెళ్ళేవాణ్ణి కాదని, రంగు వాసన పడదని కూడా అడక్కుండానే చెప్పాడు.

షెడ్డులో ఇంకా థిన్నరు వాసన పోలేదు. మధ్యలో బండి నిలబడి ఉంది. చక్రాలు, ఇంజను, హ్యాండిలు అన్నీ ఎక్కాయి. ట్యాంకూ సీటూ లేకపోవడంతో తల లేని మనిషిలా ఉంది. కిందంతా షాబాదు బండలు పరిచారు. ఒక మూల మాత్రం మంచమంత మేర సిమెంటు చేశారు. గోడకి ఒక మేకు, దానికి ఒకే టవలు. ఒక స్టూలు, ఒక గ్లాసు. రెండేళ్ళు ఈ గదిలో ఒక మనిషి ఆఫీసు నుంచి వచ్చి, చొక్కా మార్చుకుని, మాట్లాడని ఇనుముతో గడిపాడు. ఆ మూల సిమెంటు మీద, నేల చదునుగా ఉందనేమో, కొత్త ప్లాస్టిక్ కుర్చీ వేసి ఉంది. దాని మీద కవరు కూడా తీయలేదు. వచ్చే మనిషి చేతే తీయిద్దామనుకున్నాడో ఏమో. దాన్ని చూస్తే నాకు నా గదిలో రెండో కంచం గుర్తొచ్చింది. కొని పదేళ్ళయింది, ఎవరూ తిన్లేదు.

"చూశారుగా, ఇంక వెళదామా?" అన్నాడు లోవరాజు.

నేను తలుపు మూసి లోపలి వైపు చూశాను. స్ప్రే గన్నుతో రంగు కొట్టినప్పుడు గాల్లోకి లేచే పొడి తలుపు చెక్క మీద సన్నగా, ఎర్రగా పేరుకుంది. ఒక్క చోట మాత్రం పేరుకోలేదు. తలుపుకి కొట్టిన మేకు కింద, నా అరచేయంత మేర చెక్క చెక్కలాగే ఉంది. గుండ్రంగా, కింద వెడల్పుగా, పైన వంపు. తాళంకప్ప ఆకారం. పని చేసేటప్పుడు కప్పని ఆ మేకుకి తగిలించేవారన్నమాట. అది ఉన్నంత మేర చెక్కకి రంగు అంటలేదు.

"మీ కప్ప ఒకసారి ఇవ్వండి" అన్నాను.

ఆ ఇత్తడి కప్పని ఆ ఖాళీలో పెట్టి చూశాను. చుట్టూ రెండు వేళ్ళు మిగిలింది. పైగా దాని మీద ఎర్రచుక్క ఒక్కటి కూడా లేదు.

"అయితే?" అన్నాడు లోవరాజు, కాని ముందున్నంత ఊపు లేదు.

నా బుర్రలో తిరకాసు అప్పుడు విడిపోయింది. మా ఇంట్లో అమ్మ ‘తాళం ఎక్కడ పెట్టావే’ అంటే నేను బీరువా సందులోంచి తీసిచ్చేది తాళంచెవి. అదే మాట మా వీధిలో కిరాణా కొట్టు కమలాబాయి అంటే తెచ్చిచ్చేది తాళంకప్ప. చిన్నప్పుడు ఆమె తాళం తెమ్మంటే మా ఇంటి మాట ప్రకారం పట్టుకెళ్ళి చీవాట్లు తిన్నాను. ఇంట్లో ఒక తెలుగు, వీధిలో ఒక తెలుగు, రెండూ నేర్చుకుని పెరిగినదాన్ని. అయినా, స్టేషన్‌లో పర్వతాలు చెప్పింది మా ఇంటి చెవులతోనే విన్నాను.

గుమ్మం దగ్గర నిలబడ్డ లచ్చమ్మని పిలిచాను. "అక్కా, శనివారం మాపటికి నీ తమ్ముడు ఏం పట్కపోయిండు?"

"తాళం. చెప్పిన గద."

"చెవి?"

ఆమె నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూసింది. "చెవి పట్కపోవుడేంది? అది ఎప్పటిసంది ఆని జేబులనే ఉన్నది. తాళం పట్కపోయిండు. రంగు పడి బిగుసుకపోయిందంట, చెవి తిరుగుతలేదంట. గ్యాసునూనెల నానబెట్టి తే అని సారే ఇచ్చిండు. మా ఇంట్ల డబ్బల ఉన్నది."

 తెచ్చి చూపించమన్నాను. వాళ్ళ ఇల్లు రెండు సందుల అవతలే. లచ్చమ్మ పరుగులాంటి నడకతో వెళ్ళి, పాత డాల్డా డబ్బా పట్టుకొచ్చింది. అందులో కిరసనాయిల్లో మునిగి ఉంది, ఒళ్ళంతా ఎర్రటి తుంపర పడ్డ పెద్ద ఇనప కప్ప. చెక్క మీద ఖాళీలో పెడితే అచ్చంగా సరిపోయింది. పర్వతాలు దగ్గర దొరికినదాన్ని ముందు ఇత్తడి కప్పలో పెట్టబోతే మూతి కూడా దూరలేదు. ఇనప కప్పలో పెట్టి తిప్పితే, నూనె కారుతూ, కిర్రుమని తెరుచుకుంది.

నిన్న పొద్దున్న ఎవరూ ఈ పని చేయలేదు. కప్ప కోసేశారు, తాళాలు కవర్లో వేశారు, ఒకదానిలో ఒకటి పెట్టి చూడలేదు. తలుపుకి తాళం వేసి ఉందన్న సంగతి పర్వతాలుకి ఎవరూ చెప్పనూ లేదు.

"మా ఇంట్లో తాళం అంటే ఇదేనండీ" అన్నాడు లోవరాజు, చేతిలో ఉన్న చెవిని చూపించి. చిన్నపిల్లాడు పొరపాటు ఒప్పుకున్నట్టు అన్నాడు.

"మా ఇంట్లోనూ అంతే లోవరాజు గారూ."

లచ్చమ్మకి మెల్లగా అర్థమవుతోంది. నిన్న పొద్దున టీ తెచ్చి వెనక కిటికీలోంచి శవాన్ని మొదట చూసింది ఆమే. తలుపుకి వేరే తాళం ఉంటే అనుమానం రాలేదా అని అడిగాను. సారు ఇంకోటి కొని వేసుకున్నాడనుకుందట. లోపల ఉన్నవాడు బయట ఎట్లా వేసుకుంటాడని అడిగితే కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అప్పుడు మొదటిసారి ఏడ్చింది.

లోవరాజు బయటికి వెళ్ళి స్టేషన్‌కి ఫోన్ చేశాడు. పర్వతాలుని కోర్టుకి తీసుకెళ్ళొద్దని, అతనికి అన్నం పెట్టించమని చెప్పాడు. తిరిగి వచ్చి నా పక్కన నిలబడి, మొదటిసారి మర్యాదగా అడిగాడు. "అయితే మేడమ్, ఈ ఇత్తడిది ఎవరిదంటారు?"

నేను పెరటి వైపు చూశాను. ఆరు పోర్షన్లు. ఖాళీ చేయించిన మూడింటి తలుపులకి చిన్న ఇత్తడి కప్పలు, ఒకే పోలికవి. తిరుమల్ కూడా నా చూపు వెంబడే చూశాడు.

"బజార్ల వెయ్యి దొరుకుతయి అసుంటియి" అన్నాడు.

అది నిజమే. కప్ప ఒక్కటి చాలదు. ‘మస్తుంటది’ అని పర్వతాలు చూడమన్న పేరు గుర్తొచ్చి తీగకి వేలాడుతున్న ట్యాంకు దగ్గరికి వెళ్ళాను. ఎడమవైపు అద్దంలా ఉంది, నా కళ్ళజోడు కనిపించింది. కుడివైపు తిప్పితే పేరు లేదు. మెరూన్ రంగే ఉంది, కానీ అందులో నా ముఖం కనిపించలేదు. అడ్డదిడ్డంగా కుంచె చారలు. పర్వతాలు చేతిలో ఉండేది గన్ను. ఈ షెడ్డులో ఎవరూ కుంచెతో పని చేయలేదు. డబ్బా అడుగున మిగిలిన చిక్కటి రంగుని ఎవరో హడావిడిగా పులిమారు. ఇంత మందంగా పులిమితే తొందరగా ఆరదు. మూడో రోజైనా లోపల ఇంకా మెత్తగానే ఉంది.

గోటితో మెల్లగా గీకాను. కింద బంగారం తగిలింది. ఇ. ఆ తర్వాత ఎం. ఆ తర్వాత ఐ. మిగతా అక్షరాలు ఉండాల్సిన చోట, ట్యాంకు కదలకుండా పట్టుకున్నవాడి బొటనవేలు మెత్తటి రంగులో దిగబడి, గీతలతో సహా అచ్చు పడి ఉంది. అక్కడ చెయ్యి ఆపేశాను.

"ట్యాంకే మాయం చెయ్యొచ్చుగా, రంగు పులమడమెందుకు?" అన్నాడు లోవరాజు.

"ట్యాంకు మాయమైతే మీరు దాని కోసం వెతుకుతారు. పేరు మాయమైతే ఎవరు వెతుకుతారు? తాళం వేసుకుని పోయి, తీరిగ్గా వచ్చి మిగతాది సర్దుదామనుకున్నాడు. ఈలోగా లచ్చమ్మక్క టీ తెచ్చింది."

బయటపడ్డంత వరకు పైకి చదివాను. ఎమి... లచ్చమ్మ గుమ్మం పట్టుకుని నిలబడిపోయింది. "ఎమిలమ్మ" అంది. "దొర పెండ్లాం." తర్వాత బండి వైపు చూసింది. "ఇది ఓడ ఎక్కలేదా?"

సంచుల్లో ఉన్నంతకాలం అది తుక్కు. కన్నబాబు దాన్ని ముక్క ముక్కగా మళ్ళీ మనిషిని చేశాడు, పేరు కూడా తిరిగిచ్చాడు. ఆ పేరు గలావిడని వెతికి పట్టుకున్నాడు, ఆదివారం తీసుకొస్తానన్నది ఆవిడనే అయి ఉండాలి. శనివారం, తనకున్న ఒకే ఒక్క మంచి కబురు ఎవరితోనైనా చెప్పుకోవాలనిపించి ఉంటుంది. ఒంటరివాళ్ళతో వచ్చిన చిక్కే అది, చెప్పుకోవడానికి ఎవరు దొరికితే వాళ్ళకి చెప్పేస్తారు. పర్వతాలు వెళ్ళిపోయాడు. ఎదురుగా ఇంటి ఓనరు దొరికాడు.

లోవరాజు చెయ్యి చాచాడు. "తిరుమల్ గారూ, మీ చెవుల గుత్తి ఇవ్వండి." ఆ మాట అతని నోట కొత్తగా వినిపించింది.

తిరుమల్ జేబులు తడుముకున్నాడు. ఫోను వస్తోందన్నాడు, ఏ ఫోనూ మోగలేదు. చివరికి గుత్తి తీసిచ్చాడు. లోవరాజు ఒక్కొక్కటే ఇత్తడి కప్పలో పెట్టి చూస్తుండగా గేటు చప్పుడైంది.

లోపలికి వచ్చింది ఒక ముసలావిడ. పూల గౌను, నల్లగొడుగు, చేతిలో ప్లాస్టిక్ బుట్ట, అందులో గుడ్డ కప్పిన కేకు. మౌలాలి నుంచి బస్సులో వచ్చానంది. నిన్న కన్నబాబు వచ్చి తీసుకెళ్తానన్నాడట, పొద్దుపోయేదాకా వరండాలో కూర్చుందట. ఒంట్లో బాగాలేదేమోనని ఇవాళ తనే వెతుక్కుంటూ వచ్చింది. "మంచి పిలగాడు. వారం వారం వచ్చి కూసుంటడు. ఏడి?"

 అడుగుతూనే ఆవిడ ట్యాంకుని చూసింది. గొడుగు చేతిలోంచి జారిపోయింది. దగ్గరికి వచ్చి, నేను గీకిన మూడక్షరాల మీద వేలు పెట్టింది. ఆ రాత ఆవిడకి తెలుసు. నేను చెయ్యి పట్టుకుని, ఆ మూలనున్న కొత్త కుర్చీలో కూర్చోబెట్టాను. కవరు గరగరలాడింది. కన్నబాబు ఎవరి కోసం కొన్నాడో వాళ్ళే కూర్చున్నారు, ఒక రోజు ఆలస్యంగా.

వెనక లోవరాజు చేతిలో కప్ప టక్కుమంది. నాలుగో చెవికి తిరిగింది. జీపులో వచ్చిన కానిస్టేబుల్ వెళ్ళి గేటుకి అడ్డంగా నిలబడ్డాడు. తిరుమల్ కదల్లేదు. ఆవిడ మాత్రం అటు చూడనే లేదు.

"ముప్పై నాలుగేండ్లు ఆయన్ని తిట్టుకుంట బతికిన" అంది నా చెయ్యి పట్టుకుని. "బండి ఎక్కించుకోని పోయిండన్నరు. బండి ఇక్కడనే ఉన్నదంటే, డెస్మండ్ నన్ను ఇడిచిపెట్టి పోలేదన్నట్టేనా?"

ఆ ముఖంలో సంతోషమే ఉంది. ఆ ప్రశ్నకి రెండో సగం, మరి డెస్మండ్ ఏమయ్యాడన్నది, ఇంకా ఆవిడకి తట్టలేదు. నేను తలెత్తి తిరుమల్‌ని చూశాను. అతను బండిని చూడటంలేదు, ట్యాంకుని చూడటంలేదు, ఆవిడ ముఖం కూడా చూడటంలేదు. ఆవిడ కుర్చీ కాళ్ళ కింద, మంచమంత మేర ఉన్న ఆ సిమెంటు వైపు చూస్తున్నాడు. తండ్రి అతనికి అటక మీద సంచుల సంగతి చెప్పలేదు గానీ, ఈ జాగా ఎందుకు ఎవరికీ ఇవ్వకూడదో చెప్పే పోయాడు.

లోవరాజు కూడా అతని చూపునే చూశాడు. టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. మెల్లగా వచ్చి ఆవిడ ముందు వంగి, తన తల్లితో మాట్లాడినట్టు అన్నాడు.

"అమ్మగారూ, కుర్చీ కొంచెం ఇటు జరుపుకుందాం. అక్కడ వద్దు."